ఉపద్రవంగా ప్రకటించవలసిన కుక్కపిల్ల గురించి

శ్రీరాంపూర్,
గని కార్మికుల క్వార్టర్లు, మూడో లైను.

పేర్లు తెలియకపోయినా అధికారం ఉన్నదని మేము నమ్ముతున్న పశువైద్య విభాగపు పెద్దలందరికీ, లైను సంఘం కార్యదర్శి దశరథం నమస్కరించి విన్నవించునది:

మా లైను కుక్క నాలుగు పిల్లలను ఈనింది. పక్క లైనులో పార్వో రోగం సోకి కూనలు రక్తం కక్కుతూ చనిపోతున్నాయి. మా కూనలకు రోగం రాకముందే టీకాలు వేయించగలరు.

ఇట్లు విధేయుడు,
దశరథం

తా.క.: వాటికి గంజి పోసే ఐలవ్వ, "సచ్చినంక సూదెందుకు సారూ, జర జల్ది రమ్మని రాయుండ్రి" అంటున్నది. నేను దానిని 'సత్వరమే' అని రాయబోయాను. మీకు ఏ మాటకు కదలిక వస్తే అది తీసుకోగలరు.

---

దశరథం గారికి,

మీ లేఖ అందినది. యజమాని ఉన్న కుక్కలకే మా విభాగం టీకా వేయును. యజమాని పేరు, సంతకం పంపగలరు.

లింగమూర్తి, పర్యవేక్షకుడు

తా.క.: రోగం సోకిన తరువాత టీకా పనిచేయదు. ఆలస్యం మీది కాకుండా చూసుకోగలరు.

---

గౌరవనీయులైన లింగమూర్తి గారికి,

మా దగ్గర బదిలీ అయినవారు మంచం, బీరువా తీసుకుపోతారు. కుక్కను లైనుకు వదిలిపోతారు. ఆ పూట ఎవరింట్లో అన్నం మిగిలితే వారే యజమాని. కనుక ఇరవై ఇళ్లవారమూ యజమానులుగా సంతకాలు చేసి పంపుతున్నాము.

భవదీయుడు,
దశరథం

తా.క.: సంతకాలు సేకరిస్తుండగా ఒక కూన పోయింది.

---

దశరథం గారికి,

ఇరవై మంది యజమానులు, తల్లితో కలిపి ఒక్కొక్కరికి ఐదు చొప్పున, మీ లైనులో నూరు కుక్కలున్నట్లు తేలినది. ఇది పెంపకం కాదు, ఉపద్రవం. మీ దరఖాస్తును కుక్కలు పట్టే బండి విభాగానికి పంపినాము.

లింగమూర్తి

తా.క.: కూన మరణానికి సంతాపం. సంఖ్యను తొంభై తొమ్మిదిగా సవరించినాము.

---

లింగమూర్తి గారికి,

బండి వచ్చింది. "నా పానం పోయినా ఇయ్య, సంపుతరు వీళ్లు" అని ఐలవ్వ మూడు కూనలనూ బొగ్గుల గదిలో దాచి, తలుపుకు అడ్డంగా కూర్చున్నది. తల్లి మాత్రం చిక్కింది.

వారం తిరగకముందే అదే బండి తల్లిని తెచ్చి, పట్టినచోటే దింపింది. పట్టిన ప్రతి కుక్కకూ పార్వోకు, రేబిస్‌కు టీకాలు వేసి తిరిగి వదలడం ఆ విభాగపు నియమమట. యజమాని లేడని మీ విభాగం ఇవ్వని మందు వారి బండిలోనే ఉన్నది.

"పిల్లలేవవ్వా? వాటికి సుత తెచ్చినం గదా సూదులు" అని బండివాడు అడిగాడు.

"దాస్తిని కొడుకా" అన్నది ఐలవ్వ. అప్పటికి వాటిలో రెండు పోయినవి. మిగిలిన ఒక్కదానికి వేయమంటే, పాత కాగితం తల్లితో ముగిసిందట, కొత్తగా ఉపద్రవమని మీరు రాసి పంపితేనే సూది అట.

ఇరవై ఇళ్ల తరఫున,
దశరథం

తా.క.: డిమాండు నం. 1: మిగిలిన ఒక్క కూన ఇంకా గంజి తాగుతున్నది. ఇంతవరకు ఎవరినీ కరవలేదు, కరిచే పళ్లూ లేవు. అయినప్పటికీ దానిని నేడే ఉపద్రవంగా ప్రకటించి, బండి పంపి పట్టించవలెను. బొగ్గుల గది తలుపు తీసే ఉంచినాము.