కువైట్ నుంచి వచ్చిన నీలి బల్బులు

హిందూపురం
ఆగస్టు, 2000

ఆరిఫ్ అన్నకు నస్రీన్ సలాములు.

అమ్మ బాగుంది, మోకాలి నొప్పి కాస్త తగ్గింది. నాయన తాను బాగున్నట్టు రాయమన్నాడు, రాస్తున్నాను. ఆ ఎండల్లో నువ్వు వేళకు తింటున్నావని అనుకుంటున్నాం.

నా బెంగుళూరు ఉద్యోగం ఏమైందని అడిగావు. రమ్మన్నారు, నేను వెళ్లలేదు. ఎందుకో తర్వాత రాస్తాను. అమ్మకు దుప్పటి నచ్చిందా అన్నావు. మరీ నచ్చి పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఇక బల్బులు. నీ ఉత్తరంలో సగం వాటి గురించే కదా.

రహీమ్ మామ కువైట్ నుంచి నీ పార్సిల్ తెచ్చిన రోజు వీధి వీధంతా మన వాకిట్లోనే ఉంది. అత్తరు కంటే ముందు బల్బులే చేతులు మారాయి. మరుసటి రోజు టాక్సీ స్టాండులో ఎలక్ట్రీషియన్ తిప్పేస్వామి వాటిని మన అంబాసిడర్ హెడ్‌లైట్లలో బిగించాడు. డబ్బా మీది అంకె నాయనకూ, స్టాండంతటికీ వినిపించేలా చదివాడు.

"ఎనిమిది వేలంటప్పా. మన పాతవి మూడు వేలు మించి లేవు. ఇంగ పెనుకొండ కొండ మీద చీమ గూడ కనపడతాది సూడు, ఖాజాసాబ్."

ఆ అంకె వెలుగు బలం కాదని, రంగు అని నేను చెప్పాను. కొలిమిలో ఇనుము ముందు ఎర్రగా, తర్వాత పసుపుగా, తర్వాత తెల్లగా మారుతుంది కదా, అంకె పెరిగే కొద్దీ రంగు అలా మారి చివరికి నీలానికి పోతుంది, అంతే. పైగా ఈ బల్బుల గాజుకు నీలి పూత ఉంది. లోపలి తీగ ఇచ్చే వెలుగులో కొంత ఆ పూతే మింగేస్తుంది.

"ఏమ్మా, బీయస్సీలో బల్బులు బిగించేది గూడ నేర్పిస్తాండారా?" అన్నాడు తిప్పేస్వామి. స్టాండంతా నవ్వింది. నాయన కూడా నవ్వాడు.

ఆ గురువారం సాయంత్రం, జుమేరాత్ అని, పెనుకొండ దర్గాకు జనాన్ని తీసుకెళ్తుంటే నేనూ ముందు సీట్లో కూర్చున్నాను. సోమందేపల్లి దాటాక తుంపర మొదలైంది. నీ బల్బుల వెలుగు ఆ తుంపర మీదే పడి, బండి ముందు తెల్ల పరదా కట్టినట్టు నిలిచింది. తారు ఎక్కడ అయిపోతుందో, ఎర్రమట్టి ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. అంతా బూడిద రంగు. నాయన బ్రేకు వేసేసరికి బండి గొర్రెల మంద మధ్యలో ఉంది.

కంబళి కప్పుకున్న కాపరి వచ్చి బానెట్ మీద అరచేత్తో కొట్టాడు. "ఏమప్పా, కండ్లు ఇంట్లో పెట్టొచ్చినావా? అంత తెల్లగ ఎలిగించుకోని, ఇంత మంద కనపడలేదా నీకు?"

"కొత్త లైట్లబ్బా. ఇంగా అలవాటు కాల్యా," అన్నాడు నాయన.

నేను నమ్మాను. తప్పంతా బల్బులదే అనుకున్నాను. కొడుకు పంపిన వస్తువు తీసేద్దామంటే ఇంట్లో ఎంత గొడవవుతుందో నీకు తెలుసు. అందుకే నాయన నమాజుకు వెళ్లినప్పుడు నేనే వాటిని విప్పి పాతవి పెట్టేశాను, ఎవరికీ చెప్పలేదు. మళ్లీ జుమేరాత్ వచ్చింది. చీకటి పడ్డాక నాయన లైట్లు వేశాడు. రోడ్డంతా పసుపు పచ్చగా కనబడింది. తిట్లు ఎప్పుడు మొదలవుతాయా అని చూస్తూ కూర్చున్నాను.

"సూడు పాపా, మీ యన్న లైట్లు," అన్నాడు నాయన. "పాలు పోసినట్ల తెల్లగ కొడతాండాయి. నువ్వు ఉత్తపుణ్యానికి వంకలు పెడ్తివి."

రోడ్డు మీది పసుపు వెలుగు వంకా, నాయన కళ్ల వంకా చూశాను.

జనం దర్గా లోపలికి వెళ్లాక, నాయనను బండి పక్కన నిలబెట్టి కళ్ల సంగతి అడిగాను. నాయన దాచలేదు. ఒక కన్ను ఏడాది కిందటే పోయిందట. రెండోది ఈ ఎండాకాలం నుంచి మంచు పట్టినట్టు ఉందట.

"అన్నకు ఎందుకు చెప్పలేదు నాయనా?"

"ఫోన్లో చెప్పినా కదా. బాగా ఎలుగిచ్చే లైట్లు పంపమంటిని."

చూశావా అన్నా. మేమందరం అది నీ డాబు అనుకున్నాం, నువ్వు ఆయన సరదా అనుకున్నావు. ఆయన అడిగింది చూపు. నువ్వు అంగడిలో పెద్ద అంకె చూసి పంపావు. నిన్ను తప్పు పట్టడం లేదని రాయబోయి ఆగాను. పడుతున్నాను. ఎందుకు నాయనా అని ఒక్క మాట అడిగి ఉండొచ్చు.

ధర్మవరంలో కంటి డాక్టరున్నాడు, పోదాం అన్నాను. "ధర్మవరం స్టాండులో నన్నెరగనోడు యాడుండాడు? కంటికి కట్టుతో చూసినోడు మళ్లా ఖాజాసాబ్ బండెక్కుతాడా? మీ యన్నకు రాస్తే నా మీద ఒట్టే," అన్నాడు.

అప్పటి నుంచి ప్రతి ట్రిప్పులో నేను పక్కన కూర్చుని నోటితో దారి చెబుతున్నాను. నా బెంగుళూరు అలా పోయింది. ఎడమకు గుంత నాయనా, ఎద్దులబండి నాయనా, మెల్లగా నాయనా. వెనక సీట్లో పిల్లల తల్లులు నిద్రపోతుంటారు. మొన్న అగళి నుంచి వచ్చిన పాపమ్మవ్వ అడిగింది, "ఏమే పిల్లా, మీ నాయనకు దారి తెల్దా?"

"సదువుకున్నది కదవ్వా, నోరూరుకోదు," అని నాయనే నవ్వాడు. బండంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రాత్రి అన్నం ముట్టలేకపోయాను.

ఇక బండెక్కనని నిన్న చెప్పేశాను. "రాకుంటే మాన్లే. ముప్పై ఏండ్లు తిరిగిన రోడ్డు, కండ్లు మూసుకోని పోతా," అన్నాడు. ఎల్లుండి జుమేరాత్. పిల్లలతో ఒక కుటుంబం బండి మాట్లాడుకుని పోయింది.

ఈ ఇంట్లో నా మాట చెల్లదు, నీ మాట చెల్లుతుంది. నీ జవాబు వచ్చేసరికి పదిహేను రోజులు పడుతుంది. ఫోన్ చేద్దామంటే బూత్‌లో సగం ఊరు వింటుంది. ఏడాదిగా నీ ఉత్తరాలు చదివి వినిపించేది నేనే కాబట్టి ఒక నిర్ణయానికి వచ్చాను. రేపు పొద్దున నీ ఉత్తరం వచ్చిందంటాను. ఒక తెల్లకాగితం చేత్తో పట్టుకుని చదువుతాను. నాకు కలలో మీరు కనబడ్డారు నాయనా, బండి ఆపండి, కళ్లు చూపించుకోండి, అప్పటిదాకా నాకు ముద్ద దిగదు అని నువ్వు రాశావు. గుర్తు పెట్టుకో. ఫోన్ చేసినప్పుడు అదే చెప్పాలి.

నువ్వు ఒప్పుకుంటావా అని అడగడం లేదు. ఉత్తరం రాస్తూ ఏడ్చావని కూడా చదువుతాను. అంతకు తక్కువైతే ఆయన బండి తాళం చెవి ఇవ్వడు.

ఇట్లు,
ఇక్కడే ఉండిపోయిన నీ చెల్లెలు
నస్రీన్