మందు వేయని దొడ్డి

జులై 3, 2019. ఇబ్రహీంపట్నం
ట్రయల్ మొదలుపెట్టాను. గొర్రెలు పెంచే ఈదమ్మ కొట్టంలో నలభై గొర్రెపిల్లలు, ఇరవై చొప్పున రెండు దొడ్లలో. ఒక దొడ్డి దాణాలో పేగులకు మేలు చేసే ప్రోబయోటిక్ పొడి కలుపుతాను, రెండోదానిలో కలపను. తొంభై రోజులు. అప్పటికి నా వెటర్నరీ పీజీ థీసిస్ పూర్తవుతుంది. పొలం రియల్ ఎస్టేట్ వెంచర్‌కు పోయాక ఈదమ్మకు ఈ పిల్లలే ఆధారం. అన్నిటికీ ఎందుకు కలపవని అడిగింది. తేడా తెలియాలంటే కొన్నిటికి ఇవ్వకూడదని చెప్పాను. సరేనంది. నన్ను నమ్మింది.

ఆగస్టు 2
పొడి తిన్నవి సగటున కిలో ఎక్కువ తూగాయి. చాలా సంతోషంగా ఉంది.

ఆగస్టు 20
నాలుగు రోజులుగా ముసురు. పొడి లేని దొడ్డిలో ఆరు పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. గైడ్ మల్లేశయ్య సార్‌కు ఫోన్ చేశాను. యాంటీబయాటిక్ వేస్తే డేటా పాడవుతుంది, ఉప్పు, చక్కెర నీళ్లు పట్టి రెండు రోజులు చూడమన్నారు. మందు నా స్కూటీ డిక్కీలోనే ఉంది.
ఆగాను.

ఆగస్టు 21
రెండు చచ్చిపోయాయి.

ఆగస్టు 22, ఉదయం 6
ఇంకో మూడు. పొడి తిన్నవి మాత్రం అన్నీ నిలబడి మేస్తున్నాయి. సార్‌కు చెప్పాను. రిజల్ట్ చాలా బాగుంది, మంచి పేపర్ అవుతుందన్నారు. ఫోన్ పెట్టి తిరిగితే వెనక ఈదమ్మ. ఎంత విన్నదో తెలియదు.
"మందు ఉన్నదా బిడ్డా నీ దగ్గర?"
ఉందన్నాను.
"ఎప్పటిసంది?"
జబ్బు మొదలైన రోజు నుంచీ ఉందని చెప్పాను. ఈదమ్మ ఒక పిల్లను ఒళ్లో పెట్టుకుని దాని నోరు తెరిచి పట్టుకుంది.
"మందు పొయ్యి."
మిగిలిన పదిహేనింటికీ పట్టించాను.

అదే రోజు, సాయంత్రం
మందు పోశానని సార్‌కు నేనే చెప్పాను. ఏడు వారాల పని గంగలో కలిపావన్నారు. ఆదిభట్ల కంపెనీ బస్సులు పోతుంటే రోడ్డు పక్కన నిలబడి అంతా విన్నాను.

ఆగస్టు 25
మరో నాలుగు పోయాయి. పదకొండు మిగిలాయి. మొదటి రోజే మందు పోసుంటే బతికేవా అని ఈదమ్మ అడగలేదు. నేనే చెప్పాను, చాలామటుకు బతికేవని. తల ఊపి, చచ్చినవాటిని పూడ్చడానికి గడ్డపార అందుకుంది. నేను పట్టుకోబోతే ఇవ్వలేదు.

సెప్టెంబర్ 1
ఈదమ్మ ఫోన్ చేసింది. దొడ్డి కడిగి సున్నం కొట్టిందట.
"నువ్వు మల్ల రాకు బిడ్డా."
అప్పుడు కూడా బిడ్డా అనే అంది.