రుచి లేని నీళ్లు

ప్రియమైన మొండిఘటానికి,

నీ ఫ్యూయల్ సెల్ గెలిచింది. మన బుల్లి జలాంతర్గామి తాబేలు పగలంతా సముద్రం అడుగున తిరిగి, చెప్పిన చోటే తేలింది. మధ్యలో ఒక్కసారి కెమెరా అద్దం తుడవడానికి పైకి తీశాం, అంతే. మన సంస్థ పెద్దాయన పొంగిపోయి, మనుషులు ఎక్కే వాహనంలోనూ నీ సెల్లే పెట్టిస్తానన్నారు. దానికి ఇన్‌చార్జిని నేనేనట.

మన అలవాటు ప్రకారం సెల్ పుట్టించిన నీళ్లు సీసాలో పంపుతున్నాను. నా గుక్క నేను తాగేశాను.

నీ నీటికోడి

*

ప్రియమైన నీటికోడికి,

నీ ఉత్తరం చదివి వంటింట్లో గంతులేశాను. పక్కింటావిడ తలుపు తట్టి, "ఏమైందమ్మా, ఎలుక గానీ కనిపించిందా?" అని అడిగింది. ఎన్నేళ్లు ఈ డబ్బా వెంట పడ్డానో నీకు తెలుసు కదా.

ఒక్క సంగతి. నీళ్లకి రుచి ఉంది, క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్ల రుచి. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి కరెంటుతో పాటు పుట్టించే నీళ్లకి ఏ రుచీ ఉండకూడదు. సముద్రం చొరబడి ఉంటే ఉప్పగా ఉండాలి, అదీ కాదు. లోపల ఏమైందో చూడు. రేపు మనుషులు ఎక్కేది, నాకు భయంగా ఉంది.

నీ మొండిఘటం

*

ప్రియమైన అనుమానాల పుట్టకి,

లోపల అంతా నిక్షేపంగా ఉంది. సీసాని ఓడ కుళాయి కింద కడిగాను, ఆ నీళ్లు కాస్త మిగిలి ఉంటాయి. ప్రతిదానికీ ఇలా ఈకలు పీకితే ఎలా చెప్పు?

తాబేలును నీ వర్క్‌షాపుకి పంపుతున్నాను. రంగు వేయించు చాలు, విప్పకు. సెల్ భద్రమేనన్న కాగితం జతచేశాను. సంతకం పెట్టి వెంటనే పంపు, నా ఉద్యోగం దాని మీదే ఉంది. ఈ ఒక్కసారికి నా మాట విను.

నీ నీటికోడి

*

ఇన్‌చార్జి గారికి,

'ప్రియమైన' అని రాయబోయి ఆగాను.

విప్పాను. హైడ్రోజన్ సిలిండర్ నిండుగా ఉంది. నీళ్లు చేరాల్సిన సంచి పొడిగా ఉంది. మూత మీద "మెల్లగా తిప్పు, నా బంగారం ఇది" అని రాసి నేను అంటించిన కాగితం చిరగనే లేదు. పక్కనే బ్యాటరీలు బిగించిన పట్టీల గీతలు. కెమెరా అద్దం పేరు చెప్పి ఎందుకు పైకి తీశారో ఇప్పుడు తెలిసింది, బ్యాటరీలు మార్చడానికి.

సెల్ ఓడిపోయి ఉంటే ఓ పూట ఏడ్చి మళ్లీ కట్టేదాన్ని. మీరు దాన్ని ఆన్ చెయ్యనే లేదు. ఇన్నాళ్లూ నాతో పాటు గుక్క తాగిన మనిషికే దాని మీద నమ్మకం లేదు. పైగా దాని మీదే నా చేత సంతకం పెట్టించి, మనుషుల్ని నీళ్లలోకి దింపబోయారు. ఆ కుళాయి నీళ్లని కళ్లకద్దుకుని తాగాను నేను.

సంతకం పెట్టలేదు. జరిగింది పెద్దాయనకి చెప్పేశాను. ఆ వాహనం పని ఆపించారు.

తర్వాత సెల్‌ని వర్క్‌షాపు తొట్టిలో దించి నేనే ఆన్ చేశాను. నిన్న పొద్దుటి నుంచి ఆగకుండా నడుస్తోంది. సీసా నిండింది. నా గుక్క నేను తాగి, మీ వాటా పక్కింటావిడకి పోశాను. ఆవిడ తాగి మొహం చిట్లించి, "ఇవేం నీళ్లమ్మా, ఏ రుచీ లేదు" అంది. ఆ మాటకి ఏడుపు ఆగలేదు.

ఇట్లు,
ఫ్యూయల్ సెల్ విభాగం