నా చేతులు లేని ఎనిమిది పాటలు

మార్చి 4

నా డ్రమ్స్ తీసేశారు. ఎనిమిది పాటల్లోంచీ. నాకు చెప్పకుండా.

తీసేసింది పరాయివాడు కాదు, నా తమ్ముడు. తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, అది. లాండ్రీలో రోజంతా తడిగుడ్డలు పిండేది నేను, వాటితో గొంతు కోసేది వాడు.

వాడి వేళ్లు పట్టించాయి. పొద్దున టీ గ్లాసు అందుకోబోయి చురుక్కుమని వదిలేశాడు. ఎడమచేతి వేళ్ల చివర్లు ఎర్రగా, పచ్చిగా ఉన్నాయి. స్టూడియో మూసేశారు, గిటార్ ముట్టి పది రోజులైంది అన్నవాడి వేళ్లు కావవి. నిలదీస్తే కక్కాడు. మూడు ఆదివారాలు నేను డబుల్ షిఫ్ట్‌లో ఉంటే, వాడూ, మా బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించే పొడుగూ (మనిషి పొడుగని ఆ పేరు) వెళ్లి ఆల్బమ్ మొత్తం మళ్లీ రికార్డ్ చేసొచ్చారట. డ్రమ్స్ మాత్రం మెషీన్‌వి.

మీ అక్క టైమింగ్ జారుతోంది, ఇలా అయితే ఎవడూ వినడు అని రికార్డింగ్ ఇంజినీర్ అన్నాడట. చెబితే నువ్వు గొడవ చేస్తావని చెప్పలేదక్కా అంటాడు వీడు.

చేస్తాను. చెయ్యనా మరి?

మార్చి 5

పొడుగుకి నాలుగుసార్లు ఫోన్ చేశా. ఎత్తలేదు.

షిఫ్ట్ దిగి మా రిహార్సల్ గదికి వెళ్లా. పాత టైర్ల గోడౌన్ అది. నా డ్రమ్ మీద పొడుగు జాకెట్, దాని మీద హెల్మెట్. బల్లలా వాడుతున్నారు. హెల్మెట్ తీసి కింద పెట్టా. కాసేపు కూర్చున్నా. కొట్టబుద్ధి కాలేదు.

మార్చి 6, భోజనం టైం

డ్రమ్స్ నాకెవరూ నేర్పలేదు. లాండ్రీలో హోటల్ దుప్పట్లు మడిచి నడుమెత్తు దొంతర పేరుస్తాం. ఆ దొంతర మీద రెండు కర్రలతో కొట్టి నేర్చుకున్నా. డ్రమ్ మీద కర్ర తనంతట తనే ఎగురుతుంది. దుప్పటి మీద ఎగరదు, మనమే లేపాలి. అందుకే నా ప్రతి దెబ్బా వెంట్రుకవాసి ఆలస్యం. తప్పే. నేర్పేవాడుంటే మొదటిరోజే సరిచేసేవాడు.

ఆ తప్పే కదా మా సౌండ్! ఏడాదిపాటు మేం ఏది వాయించినా ఎవరికో జిరాక్స్ కాపీలా ఉండేది. తాళం తప్పకుండా చెవిలో క్లిక్ పెట్టుకుని, అది టిక్ టిక్‌మంటుంటే దాని వెంట ముగ్గురం పరుగు. ఒకరోజు విసుగొచ్చి హెడ్‌ఫోన్స్ పీకి అవతల పారేశా. నా తీరులో నేను కొట్టా. పాడుతున్న తమ్ముడు నా దెబ్బ కోసం ఆగాడు. అది పడ్డాక దాని మీద వాలాడు. పొడుగు బేస్ కింద పెట్టేసి, ఇదేరా మనం, ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చామో అన్నాడు. ఆ తర్వాత పదిరోజుల్లో ఎనిమిది పాటలూ రికార్డయిపోయాయి.

నేను జారుతున్నానని అప్పుడు ఒక్కడూ అనలేదు.

మార్చి 7

ఇంట్లో మాటల్లేవు. అమ్మ మధ్యలో పోస్ట్‌మ్యాన్. అక్కని ఉప్పు ఇటివ్వమను అని వాడు, కాళ్లున్నాయిగా తెచ్చుకోమను అని నేను. రెండుసార్లు మోసి, మూడోసారి మీ ఉప్పుతో మీరే తగలడండి అని డబ్బా మధ్యలో పెట్టి లేచిపోయింది. నాకు నవ్వొచ్చింది. వాడికీ వచ్చింది. ఇద్దరం తలలు దించుకుని తిన్నాం.

మార్చి 9

ఆల్బమ్ కవర్ తయారైంది. తమ్ముడి పేరు, పొడుగు పేరు, కింద డ్రమ్స్ అని నా పేరు. మెషీన్ చేసిన పనికి నా పేరు! తీసేయడం ఒక దెబ్బ. తీసేసి పేరు ఉంచడం ముష్టి వేయడం.

పొడుగు ఇవాళ ఫోన్ ఎత్తాడు. నీ పేరుందిగా, ఇంకేంటమ్మా నీ బాధ, స్టేజి మీద నువ్వే వాయిస్తావుగా అన్నాడు. అంటే స్టేజి మీద మెషీన్‌లా కొట్టడానికి దాని దగ్గరే నేను పాఠం చెప్పించుకోవాలన్నమాట.

మార్చి 10

ఇస్త్రీ సెక్షన్ పెద్దమ్మకి ఫోన్‌లో ముందు పాత రికార్డింగ్, తర్వాత కొత్తది వినిపించా. రెండూ ఒకటేగా పిల్లా, రెండోది కాస్త శుభ్రంగా ఉతికినట్టుంది అంది.

మార్చి 10, సాయంత్రం

పెద్దమ్మ అబద్ధాలాడే మనిషి కాదు. అదే నా భయం. ఈ తేడా ఇంత పెద్ద లోకంలో నాకొక్కదానికే వినపడితే, అది ఉన్నట్టా, లేనట్టా? బస్సులో అందరి చెవుల్లోనూ ఏవో పాటలు. పక్కన కూర్చున్నామె తల ఊపుతోంది. దేనికో అడగాలనిపించింది. అడగలేదు.

మార్చి 11

మూడొందల దిండు గలీబులు.

మార్చి 12

దొరికింది!

కొత్త రికార్డింగ్, ఐదో పాట. చివరి చరణం ముందు తమ్ముడు ఆగాడు. మెషీన్ ఆగలేదు. వాడు ఎదురుచూసి, ఎవరూ రాక, గబుక్కున మాట అందుకుని దాని వెనక పరిగెత్తాడు. మెట్టుందనుకుని కాలు వేస్తే నేల తగిలినట్టు. ఆరో పాటలో రెండుచోట్ల. ఎనిమిదో పాట నిండా అదే. లేని నా దెబ్బ కోసం వాడింకా ఆగుతున్నాడు.

వాడి చెవిలో పెట్టా. మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ. మూడోసారి ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టి, శనివారం పొద్దున డిస్క్ కాపీలు తీయడానికి ప్రెస్‌కి పోతుందక్కా, అదవగానే స్టూడియోలో ఉన్న పాత టేకులు, నువ్వు వాయించినవి, చెరిపేస్తానన్నాడు ఇంజినీర్, ఇప్పుడేం చెయ్యలేం అన్నాడు. చెయ్యలేక కాదు, ఇంజినీర్‌తో కాదనే దమ్ములేక.

వాడు ఏడ్చాడేమో, నేను చూడలేదు. నేను మాత్రం బాత్రూంలో కుళాయి తిప్పుకున్నా.

మార్చి 13

వాడి గిటార్ కేసుకి అంటించిన కాగితం. నకలు ఇక్కడ:

ఎనిమిది పాటల్లోంచి నన్ను తీసేశావు. పాత టేకులే డిస్క్‌లోకి వెళ్లాలి. లేదంటే కవర్ మీద నా పేరు ఉండకూడదు. ఏదో ఒకటి తేల్చు. పొడుగుతో కబురు వద్దు, అమ్మతో అసలే వద్దు. నీ నోటితో చెప్పు. రేపు శుక్రవారం, లాండ్రీ వెనక గేటు దగ్గర. నేను ఆగేది సాయంత్రం ఐదు వరకే.