గాలికి పరదా

శనివారం రాత్రి, 2012. గోదావరిఖని

కరెంటు పెడితే రూపాయి బిళ్లంత ఎలక్ట్రోడ్ మీద కార్బన్ డయాక్సైడ్ చక్కగా మోనాక్సైడ్ అవుతుంది. అరచేతంత చేస్తే మాత్రం సగం హైడ్రోజనే! మూడు నెలలుగా దాని మీది వెండి పూతను తిడుతున్నాను. చిన్నదానితోనే థీసిస్ ముగించమంటున్నారు గైడ్.

ఇవాళ నాన్న బొగ్గుబాయిలో ఫస్టు షిఫ్టు దిగి వచ్చి, బూట్లు విప్పుతూ నా కాగితం మీది ఎలక్ట్రోడ్ పెట్టె బొమ్మ చూశాడు. గ్యాస్ ఈ మూల నుంచి వచ్చి ఆ మూల నుంచి పోతుందని చెప్పాను.

“గట్లయితే దగ్గరి తొవ్వల పోతది బిడ్డా. తక్కిన మూలలకు ఎందుకు పోతది? బాయిల మేం పరదా కట్టి గాలిని మలుపుతం. లేకుంటే బొగ్గు కొట్టేకాడ ఊపిరాడది.”

పూత తప్పేమీ లేదేమో! గ్యాస్ అందని మూలల్లోనే నీళ్లు విడిపోయి హైడ్రోజన్ వస్తోందేమో. సన్నటి అడ్డగోడలు పెట్టి గ్యాస్‌ను మెలికలు తిప్పితే...

అంతలో, చివరికి తయారయ్యేది ఏ గ్యాసని అడిగాడు. కార్బన్ మోనాక్సైడ్ అని చెప్పాను. బూటు లేసు మీద నాన్న చెయ్యి ఆగిపోయింది.

“గది వాసన రాదు బిడ్డా. సప్పుడు లేకుంట మనిషిని తీస్కపోతది. ముందుగాల అలారం సూస్కో, తర్వాతనే పరదా.”

ల్యాబ్‌లో గ్యాస్ అలారం ఎప్పుడు మోగించి చూశామో గుర్తు రావడం లేదు. సోమవారం ముందు ఆ పని, తర్వాతే అడ్డగోడలు. గైడ్ వాటికి ఏ పేరు పెట్టినా సరే, నా నోట్‌బుక్‌లో ‘పరదా’ అనే రాసేశాను.