చర్చి గోడకి పండగ సున్నం

అన్నయ్యా,

అమలాపురం లైబ్రరీకొచ్చే వారపత్రికలో నీ జపాన్ కవి గురించి మళ్ళీ వేసేరు. ముసలాడైపోయేడు. పొద్దున్న చేపలమ్ముకుని, మధ్యాహ్నం హైకూలు రాసుకుంటాడట. యుద్ధంలో స్నేహితుడి తల తెగి తన ఒళ్ళో పడిందట. ఆ రోజు మీద రాసిన హైకూలో తల లేదు, ఏడుపూ లేదు. చచ్చినవాడి బూటులో నిండిన వాననీళ్ళే ఉన్నాయి. చదివి ఒళ్ళు మండిపోయింది నాకు.

"చూసిందే చెప్పాలి చెల్లాయ్, ఏడ్చేనని చెప్పకూడదు" అనేవాడివి.

నిరుడు కోతల్లో కూలి పెంచమన్నందుకు ఆసామి మనుషులు నీ జుట్టు పట్టి, చర్చి గోడకేసి కొబ్బరికాయ కొట్టినట్టు కొట్టి చంపేరు. తల పగిలిన చప్పుడు నేను విన్నాను. అది ఏ మూడు పంక్తుల్లో పెట్టమంటావు?

నిన్న క్రిస్మస్‌కని ఆ గోడకి సున్నం కొట్టబోతే అమ్మ బకెట్టు తన్నేసింది.

"పండగ కదమ్మా, ఊరుకోండి" అన్నారు పాస్టరు గారు.

"అది నా కొడుకు నెత్తురండీ!" అని అమ్మ గోడకి అడ్డం పడింది. అమ్మని ఈడ్చేసి మరీ కొట్టించేరు.

ఇవాళ వెళ్ళి చూసేను. చూసిందే రాసేను, అన్నయ్యా.

పండగ సున్నం
ఆరే కొద్దీ గోడ
ఎర్రబడుతోంది