ఫరీదా స్వెట్టర్, రఫీ పిస్తోలు

అల్ రయ్యాన్,
జనవరి 1976

చెల్లీ ఫరీదా, ఆపా దువాలు.

ఈ పొద్దున ఫజర్ నమాజ్ అయ్యాక తమ్ముడు రఫీకి చాయ్ పెట్టాను. ఈ అరబ్బు దేశంలోనూ చలి వణికిస్తోంది. నువ్వు పూలు వేసి అల్లి పంపిన మెడ మూసిన స్వెట్టర్ తొడుక్కుని డ్యూటీకి తయారయ్యాడు. దాని కింద నడుముకు పిస్తోలు. చమురు పుణ్యమా అని వాళ్ళ సేఠ్ నగల దుకాణం తెరిచాడు కదా. కాపలా మనిషి పిస్తోలు గిరాకీల కంట పడకూడదు, వేళకు చేతికి రావాలి.

సేఠ్ కారు దిగి మన గుమ్మంలోనే "యల్లా, కానియ్యి, తీసి చూపించు" అన్నాడు. రఫీ లాగాడు. పిస్తోలు కొక్కెం ఊలులో చిక్కింది. స్వెట్టర్ లేచి ముఖం కప్పేసింది.

"ఆపా, నాకేం కనిపిస్తలేదు!" అని లోపలి నుంచి అరుపు.

"దొంగను జర ఆగమంటవా?" అన్నాడు సేఠ్ వచ్చీరాని హిందీలో. రేపటికి సరిచేసుకోకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని చెప్పి వెళ్ళాడు.

పైన కోటు వేసుకోరా అంటే రఫీ వినడు. "పూలు అందరికీ కనవడాలని ఫరీదా కసమ్ పెట్టింది. తప్పితే దాని పాణం మీదికొస్తది" అంటాడు.

సాయంత్రం అందరం కూర్చుని తేల్చాం. లోపల స్వెట్టర్, దాని మీద పిస్తోలు, పైన మీ బావ వదులు కోటు, గుండీలు పెట్టకుండా. ఖాళీ పిస్తోలుతో తీసి చూశాడు. చటుక్కున వచ్చింది. నీ కసమ్ తప్పిన దోషం నా మీద వేసుకుని, నీకేం కాకూడదని దువా చేశాను. శుక్రవారం సెలవు. ఆ రోజు కోటూ పిస్తోలూ ఇంట్లో ఉంటాయి, నీ పూలు బజారుకు వెళ్తాయి.

మీ ఆపా